గడచిన యేటి పంచాంగము

ఉగాదినాడు మన తెలుగువారి యిండ్లలో తప్పక జరుగు కార్యములు రెండు. ప్రొద్దుట వేపపూవును క్రొత్తబెల్లమును చింతపండును మామిడిముక్కలను కలిపిన పచ్చడి తినుట యొకటి. సాయంకాలమున పంచాంగశ్రవణము చేయుట రెండవది. ఈ రాశివారికి ఆదాయ మింత, వ్యయ మింత, రాజపూజ్య మింత, అవమాన మింత యని సిద్ధాంతిగారు చదువుచుండగా, చదువు లేనివాడును పట్టపరీక్షలు చదివినవాడును సమానమైన ఆతురతతో చెవియొగ్గి విందురు. వ్యయము తక్కువయైనవాడు మీసము దువ్వుకొనును. అవమాన మెక్కువయైనవాడు నవ్వులాటగా త్రోసివేసినట్లు నటించి, లోలోపల కొంచెము చిన్నబోవును.

జ్యోతిషము సత్యమా అసత్యమా యను వాదమునకు మేము నేడు దిగము. మా ప్రశ్న వేఱు. పోయిన యుగాదినాడు చదివిన అంకెలను ఈ యుగాదినాడు తీసి, "ఆదాయ మింతయన్నారే, వచ్చినదా? అవమాన మింతయన్నారే, మనము పడితిమా, ఇతరులకు పెట్టితిమా?" అని యడిగిన యింటిని మీరెక్కడనైన చూచితిరా? మేము చూడలేదు. రాబోవు యేటి లెక్క వినుట కింత వేగిరపడు మనము, పోయిన యేటి లెక్క చూచుకొనుట కేల యింత వెనుదీయుచున్నాము? పుట్టని బిడ్డకు జాతకము వ్రాయించుచు పుట్టిన బిడ్డ మొగము చూడనొల్లని తల్లిదండ్రుల వంటివారము కామా?

"అయ్యా, మీరు నిద్రలో నున్నారు. నేటివారు గడచిన యేటిని తలచుకొనుచునే యున్నారు. డిసెంబరు నెలాఖరు వచ్చిన చాలును, ప్రతివారును తమ మరపురాని యనుభవములను ఛాయాచిత్రములతో సహా లోకమునకు చూపుచున్నారు" అని యెవరైన అందురేమో. నిజమే. మేమును చూచుచున్నాము. క్రొత్త కారుముందు కొట్టిన కొబ్బరికాయ, గృహప్రవేశమున పొంగిన పాలు, తిరుమల కొండపై గుండ్లతో నిలిచిన కుటుంబము, కాశ్మీరపు మంచులో దుప్పట్లు కప్పుకొన్న దంపతులు, కుమారుని అమెరికా ప్రయాణమునాడు విమానాశ్రయమున గ్రుమిగూడిన బంధువర్గము. ఇవన్నియు సంతోషములే. ఒరుల సంతోషమునకు కన్నుకుట్టు స్వభావము మాకు లేదు. కాని యీ చిత్రములన్నియు ఒకచోట పేర్చి చూడుడు. అందఱును నవ్వుచునే యుందురు. అందు వండినవారు లేరు, అంట్లు తోమినవారు లేరు, తలుపుచాటున నిలిచినవారు లేరు, అప్పుచేసి బిడ్డను పంపి రాత్రి నిద్రపట్టని తండ్రి లేడు. వీనినిబట్టి చరిత్ర వ్రాసినచో, గడచిన సంవత్సరమున ఆంధ్రదేశమున నొక్కరును తప్పు చేయలేదనియు, ఒక్కరికిని అన్యాయము జరుగలేదనియు వ్రాయవలసివచ్చును. దీనికి జ్ఞాపకమని పేరు పెట్టరాదు. ఇది చాటింపు. దండోరా వేయువాడు డప్పు కొట్టును గాని లెక్క వ్రాయడు.

తన యనుభవములను వ్రాసికొనుట తెలుగువారికి క్రొత్త విద్య కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమున బయలుదేరి, కాశీయాత్ర చేసికొని, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరినారు. పదునైదు నెలలకు పైబడిన ఆ యాత్రలో తాము చూచినదంతయు వ్రాసి, కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి పంపుచు వచ్చినారు. అది 1838లో అచ్చుపడినది. దాదాపు రెండువందల యేండ్లు గడచినను దానిని నేటికిని చదువుచున్నాము. ఏల? ఆయన గంగాస్నానము చేసి పుణ్యము కట్టుకొన్నారన్న వార్త కొఱకు కాదు. ఏ యూరికి ఏ యూరు ఎంతదూరము, ఏ బాట యెట్టిది, ఏ యూర అంగళ్లున్నవి, ఏ సీమలో జనులెట్లు బ్రతుకుచున్నారు అను సంగతులు వ్రాసిరి గనుక చదువుచున్నాము. తన యేటిని వ్రాయుచు ఇతరుల బ్రతుకును చూచిన వ్రాత నిలుచును. తన యేటిని వ్రాయుచు తన మొగమునే చూచుకొన్న వ్రాత అద్దముతోపాటు పగులును.

ఇంతవఱకు లోకమును దూషించితిమి. లోకమును దూషించుట సులభము. మా గృహమును గూర్చి చెప్పక మానినచో మేమును దండోరావారమే యగుదుము. కావున క్రోధినామ సంవత్సరపు (2024-25) మా యింటి లెక్కను చదువరుల ముందుంచుచున్నాము.

మాది విజయవాడ. మా యింట జమాఖర్చుల పుస్తక మొకటి కలదు. దానిని వ్రాయునది మేమే. విశ్వావసు ఉగాదికి ముందునాటి రాత్రి, క్రొత్తపుస్తకము మొదలుపెట్టుటకై పాతదానిని తిరుగవేయుచుండగా 2024 సెప్టెంబరు పుటకడ మా చేయి ఆగిపోయినది. ఆ పుటలో రెండు పద్దులు ఒకదానిక్రింద నొకటి యున్నవి. "వరదసహాయము చందా, రూ. 1,000." దాని క్రింద, "పనిమనిషి జీతము 3,000, నాగాలు 9, తగ్గింపు 900, చెల్లు 2,100."

ఆ నాగాలెట్టివో చెప్పవలసియున్నది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన మహావర్షమునకు బుడమేరు పొంగి గండ్లు పడి, నగరమున సింగునగరు మొదలైన పేటలు మునిగిపోయినవి. కృష్ణలో వచ్చిన ప్రవాహము ప్రకాశము బ్యారేజికడ 11 లక్షల క్యూసెక్కులను దాటినది. మేముండు వీధికి నీరు రాలేదు. మా మేడమీదినుండి వాన చూచి, పకోడీలు వేయించుకొని తింటిమి. ఆదివారమునాడు పనిమనిషి రాలేదు. సోమవారమును రాలేదు. మా యింట మొదట పుట్టిన మాట "పాపమెట్లున్నదో" అన్నది కాదు. "అంట్లెవరు తోముదురు" అన్నది. నిజము వ్రాయబూనినవారము గనుక ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాము. 7వ తేదీన వినాయకచవితి. పాలవెల్లి కట్టి, ఉండ్రాళ్లు వండి, గిన్నెలు గుట్టపడగా, "పండుగపూటనైన రాకపోయెనే" యని విసుగుకొంటిమి.

పదునొకండు సంవత్సరములనుండి ఆమె మా గిన్నెలు తోముచున్నది. ఆమె సింగునగరులో నుండునని మేమెఱుగుదుము. ఏ సందులోనో, నేలమీది యిల్లో, మేడమీది యిల్లో, ఇంట నెందఱుందురో యెఱుగము. విని యుండుము, గుర్తు లేదు. ఆమె మాత్రము మా యింట నెవరికి చక్కెరవ్యాధియో, ఎవరి కాఫీకి పంచదార వేయరాదో, ఏ గిన్నె యెవరిదో యెఱుగును. 10వ తేదీన ఆమె వచ్చినది. "ఇన్నాళ్లు రాకపోతివేమి?" అని మేమడిగితిమి. "ఇల్లు మునిగిపోయిందయ్యగారూ" అని చెప్పి, చీపురు తీసికొన్నది. తరువాత మా గృహిణి యడుగగా తెలిసినది. పొరుగువారి డాబామీద ఇద్దఱు బిడ్డలతో నాలుగు రాత్రులు గడపినదట. బియ్యము, పరుపులు, కుట్టుమిషను పోయినవట. అన్నిటికంటె ఎక్కువగా ఆమె యేడ్చినది పెద్దపిల్ల పదవతరగతి సర్టిఫికెట్లు నానిపోయినందులకట.

మేము పాతచీరలిచ్చితిమి. అయిదుకిలోల బియ్యమిచ్చితిమి. ఇచ్చునప్పుడు మా యింటి పిల్లవాడు ఛాయాచిత్రము తీసినాడు, మేము వారింపలేదు. వీధివారు చందా కొఱకు వచ్చినపుడు వేయి రూపాయలు వ్రాసి, నలుగురి పేర్లలో మా పేరు చూచుకొని సంతోషించితిమి. నెలాఖరున, పదునొకండేండ్ల యలవాటు చొప్పున, నాగాకు నూఱుచొప్పున తొమ్మిదివందలు తగ్గించి యిచ్చితిమి. ఆమె యడుగలేదు. మేము తలపోయలేదు. ఎవరును మమ్ము దూషింపలేదు. గణితము తెలిసిన చదువరులు ఇపుడే కూడి చూతురుగాక. వరదబాధితులకు మేమిచ్చిన వేయిలో తొమ్మిదివందలు వరదబాధితురాలి కూలినుండి తీసినవి. మా దానము నూఱు రూపాయలు. తక్కినది ఆమె దానము. కాని చందాపట్టికలో పేరు మాది.

ఈ సంగతి ఆ రాత్రి తెలిసి మాకు నిద్ర పట్టలేదు. పట్టకుండుటయే మేలైనది. ఆ పుస్తకమునే మఱికొంత త్రిప్పితిమి.

డిసెంబరు పుటలో "పెండ్లిచదివింపులు, రూ. 5,116" అని యున్నది. అది మా దగ్గఱి బంధువుల యమ్మాయి పెండ్లి. సంబంధము మాటలాడునాడు మమ్ము పెద్దమనుష్యుడుగా కూర్చుండబెట్టిరి. ఆ దినమున కట్నమను మాట యెవరి నోటనైన వచ్చినదా? రాలేదు. "లాంఛనము" అనిరి, "మర్యాద" అనిరి, "మీ యమ్మాయికి మీరు పెట్టుకొనునదే గదా" అనిరి. మాటలు ముగియుసరికి 30 లక్షల రొక్కమును, 40 కాసుల బంగారమును తేలినవి. పిల్ల యింజనీరు, పెండ్లికొడుకునకు తీసిపోని జీతము తెచ్చుచున్నది. ఆమె లోపలిగదిలో కూర్చుండి తన బేరమును వినుచున్నది. మేము చేసినదేమి? "శుభము" అని తాంబూలము పుచ్చుకొంటిమి. 1961వ సంవత్సరపు వరకట్న నిషేధచట్టము ఇచ్చువానిని, పుచ్చుకొనువానిని మాత్రమే గాక, అందుకు తోడ్పడువానిని గూడ నేరస్థునిగా నెంచుచున్నది. కట్నమునకు విరోధముగా మేము వ్రాసిన వ్యాసములు మా బీరువాలో నున్నవి. మేము తోడ్పడిన కట్నము వరుని తండ్రి బ్యాంకులో నున్నది. రెంటిలో దేనికి బలమెక్కువయో చదువరులే నిర్ణయింతురుగాక.

"ఆడపిల్లకు ఆస్తిలో పాలు లేదు గనుక కట్నమిత్తుము" అని పూర్వులు చెప్పెడివారు. ఆ సాకు గూడ నేడు చెల్లదు. మన రాష్ట్రమున 1985-86లోనే చట్టము సవరింపబడి కుమార్తెలకు ఉమ్మడియాస్తిలో కుమారులతో సమానమైన హక్కు కలిగినది. 2005లో దేశమంతటను అట్లే యయ్యెను. అయినను మన యిండ్లలో జరుగునదేమి? పాలడిగినచో "కట్నమిచ్చితిమి గదా" అందుము. కట్నము వద్దన్నచో "పాలెట్లును ఈయము గదా, ఇదియైన దక్కనీ" అందుము. పిల్లచేత విడుదలపత్రముపై సంతకము పుట్టింటివారు చేయింతురు. ధనము అత్తింటివారు పుచ్చుకొందురు. రెండిండ్ల నడుమ ఆమెకు దక్కునది పట్టుచీర.

ఫిబ్రవరి పుటలో "అక్షరాభ్యాసము ఖర్చులు" అని యున్నది. వసంతపంచమినాడు మా మనుమని చేత అక్షరములు దిద్దించితిమి. మాకు అక్కయ్య కలదు. ముప్పదియేండ్లు బడిపంతులమ్మగా పనిచేసినది. మాకు ఓనమాలు దిద్దించినదియు ఆమెయే. బావగారు పోయి ఆఱేండ్లయినది. ఆనాడు మా యింట పీటమీద బాలుని కూర్చుండబెట్టి, బియ్యములో వ్రేలు పెట్టించి, అక్షరములు దిద్దించుచున్నపుడు ఆమె వంటయింటి గడపకడ నిలిచియుండెను. ఆమెను రావలదని యెవరును అనలేదు. రమ్మనియు ఎవరును అనలేదు. ముత్తైదువలకు పసుపుకుంకుమ లిచ్చునపుడు ఆమె తనంతట తానే లోపలికి వెళ్లిపోయినది. మాకు తొలగిన యిబ్బందికి మనస్సు తేలికపడినది. ఇంతకంటె నీచమైన తేలికదనము మా యెఱుకలో లేదు.

ఆ గదిగోడమీద కందుకూరి వీరేశలింగముపంతులుగారి పటము కలదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున, నూరంతయు తిరుగబడియుండగా, వితంతువివాహము జరిపించిన మహనీయుడాయన. ఆయన కాలమున ప్రశ్న వితంతువునకు పెండ్లి కూడునా కూడదా యన్నది. నూట నలువది యేండ్లు దాటిన పిమ్మట మా యింట ప్రశ్న, ఆమె తాను నేర్పిన అక్షరములను చూచుటకు నాలుగడుగులు ముందుకు రావచ్చునా రాగూడదా యన్నది. ఆనాటి విరోధులు వీధిలో నిలిచి కేకలు వేసిరి. నేటి విరోధులము మేము పటమునకు పూలదండ వేసి, క్రింద ఊరకుందుము. కేకలకు జవాబు చెప్పవచ్చును. ఊరకుండువానికి జవాబెట్లు చెప్పుట?

ఇక మాపై రాగల యాక్షేపములను విచారింతము.

మొదటిది: "పండుగపూట చేదుమాటలేల? సంవత్సరాది శుభమును తలచుకొనవలెను." అయ్యా, మన పెద్దలు ఉగాదిపచ్చడిలో బెల్లము మాత్రమే వేయలేదు. వేపపూవును వేసినారు. మనము ప్రతి యేటను ఆ చేదును ఒక చెంచాడు మ్రింగి, అది యేల వేసిరో యడుగకుండ చేయి కడుగుకొనుచున్నాము. నాలుకకు తగిలిన చేదు మనస్సునకు తగులరాదా?

రెండవది: "ఇంటిగుట్టు లంకకు చేటు." ఈ సామెతను మన యిండ్లలో స్త్రీల నోరు మూయుటకు వాడినంతగా మఱి దేనికిని వాడలేదు. కాని లంక చెడినది విభీషణుడు బయటకు పోయి చెప్పినందువలననా? ఇంటిలో నుండి చెప్పినపుడు విననందువలన. మొదట అన్నకు హితము చెప్పినాడు, అన్న వెడలగొట్టినాడు. గుట్టు దాచిన యిల్లు నిలుచుననుట భ్రమ. చేసిన తప్పు ఇంటిలోనే వినిన యిల్లు నిలుచును.

మూడవది: "ఒక యింటి తొమ్మిదివందల రూపాయలకు ఇంత వ్యాసమా? దేశమున పెద్దసమస్యలు లేవా?" ఉన్నవి. కాని పెద్దసమస్యలు ఆకాశమున వ్రేలాడవు. అవి మన వంటయిండ్లలో, మన పీటలమీద, మన జమాఖర్చుల పుస్తకములలో కాపురముండును. 1856లో వితంతువివాహములను సమ్మతించుచు చట్టము వచ్చినది. 1961లో కట్నము మాన్పుటకు వచ్చినది. 2005లో ఆడపిల్లకు పాలిచ్చుటకు వచ్చినది. చట్టము వీధిగుమ్మము వఱకు రాగలదు. గడపలోపల దీపము పెట్టవలసినవారము మనము. సభలలో సంస్కర్తలము, ఇండ్లలో సనాతనులము అగుట మన తరము చదువరుల వ్యాధి. మాకును ఆ వ్యాధి కలదని పైన ఋజువు చూపితిమి.

కావున మేము చెప్పునది యిది. పంచాంగమువారి నాలుగు పదములే చాలును. వానిని గడచిన యేటికి త్రిప్పి చదువుకొందము. ఆదాయమనగా, ఈ యేడు మన మెవరి శ్రమనుండి, ఎవరి యోర్పునుండి ఏమేమి పొందితిమి? వ్యయమనగా, వారికి తిరిగి యేమిచ్చితిమి? రాజపూజ్యమనగా, మనమెవరిని గౌరవించితిమి, ధనము చూచియా గుణము చూచియా? అవమానమనగా, ఎవరిని చిన్నబుచ్చితిమి, నోటితోనా, మౌనముతోనా? సిద్ధాంతిగారు రాకముందు, ఇంటిల్లిపాది కూర్చుండి, ఈ నాలుగింటిని వ్రాసి చదువుడు. యజమానుడు వ్రాసినదే చాలదు. గృహిణియు, పిల్లలును వేఱువేఱుగ వ్రాయవలెను. లెక్కలు సరిపడనిచోటనే నిజముండును. మరపురాని యనుభవమనగా మనకు గుర్తుండునది మాత్రమే కాదు. ఎదుటివారు మఱువలేనిదియు అందులో చేరినదే.

చెప్పుటకు ముందు చేయవలెను గనుక మేము చేసినదియు వ్రాయుచున్నాము. గొప్పకు గాదు, చేసినది కొంచెమే. ఉగాదినాడు పనిమనిషికి ఆ తొమ్మిదివందలు తిరిగి యిచ్చి, అది మా తప్పని చెప్పితిమి. ఆమె నోట్లు లెక్కపెట్టుకొని, కొంగున ముడివేసికొని, "అయితే ఇక జొరమొచ్చినా కొయ్యరా అయ్యగారూ?" అని యడిగినది. మేము బహిఃప్రాయశ్చిత్తమునకు సిద్ధపడితిమి గాని ఆ ప్రశ్నకు సిద్ధపడలేదు. మా గృహిణియే "కొయ్యము" అన్నది. నెలకు నాలుగు సెలవులు కూలితోడనే యని పుస్తకమున వ్రాసికొంటిమి. ఆమె పెద్దపిల్ల సర్టిఫికెట్ల నకళ్ల కొఱకు కచేరీలచుట్టు తిరుగుపని మేము పెట్టుకొంటిమి.

ఆ సాయంకాలము పచ్చడిగిన్నె అక్కయ్య చేతికిచ్చి, అందఱికిని నీవే పెట్టవలెనని కోరితిమి. ఆమె చాలసేపు గడపకడనే నిలిచి, "ఇప్పుడెందుకురా యివన్నీ" అన్నది. ఆ మాటలోని అలసట మమ్ము నేటికిని బాధించుచున్నది. పిమ్మట వచ్చి, పెట్టినది. కట్నము విషయమున మేము చేయగలిగినది లేకపోయినది. ఇచ్చినది ఇచ్చిరి, పుచ్చుకొన్నది పుచ్చుకొనిరి. ఆ పద్దు మా పుస్తకమున తీరని బాకీగా నిలిచియున్నది. ఇకమీద బేరము జరుగు చాపమీద తాంబూలము పుచ్చుకొనమని మాత్రము దాని ప్రక్కన వ్రాసికొంటిమి. మాట తప్పినచో వచ్చు యుగాదికి ముందునాటి రాత్రి ఆ పుటయే మమ్ము నిలువదీయును.

చదువరులారా, రానున్న యేటి ఆదాయవ్యయములను మీకు సిద్ధాంతిగారు చెప్పుదురు. గడచిన యేటివి మీరుదప్ప మఱెవ్వరును చెప్పలేరు. మీ జమాఖర్చుల పుస్తకమును ఒక్కసారి తీయుడు. నాగాల పద్దుకడ కొంచెమాగుడు.